చెట్టు తల నరికితే గాలికి ఆగుతుందా?

మే నెలలో ఒక సాయంత్రం. జనగామలో పొద్దుటి నుంచీ ఎండ నిప్పులు చెరిగింది. నాలుగు గంటలయ్యేసరికి ఒక్క ఆకు కదలడం లేదు. అంతలో పడమట నల్లటి మబ్బు లేచింది. "గాలిదుమారం వస్తున్నది, దండెం మీది బట్టలు తీయండి" అని అమ్మ కేక వేసేలోపే దుమ్ము కళ్లలో పడింది. రేకులు చప్పుడు చేశాయి. కరెంటు పోయింది. పావుగంటలో అంతా అయిపోయింది. వాన మాత్రం నాలుగు చినుకులే. బయటికి వచ్చి చూస్తే వీధి మలుపులో ఉన్న తురాయి చెట్టు వేళ్లతో సహా పెళ్లగిలి రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. దానికి పది గజాల దూరంలో ఉన్న వేపచెట్టుకు నాలుగు పుల్లలు మాత్రమే విరిగాయి.

ఇలాంటి దృశ్యం జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో మీరూ చూసే ఉంటారు. మర్నాడు ఏమి జరుగుతుందో కూడా మీకు తెలుసు. అందరి చూపూ తమ ఇంటి చెట్టు మీద పడుతుంది. "ఇది కూడా ఇంటి మీద పడితే?" అని పెద్దలు భయపడతారు. భయం న్యాయమైనదే. గొడ్డలి పట్టుకొని ఒక మనిషి వస్తాడు. పైభాగమంతా నరికి, చెట్టును నిలువు మొద్దుగా చేసి పోతాడు. ఇక భయం లేదని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా నిద్రపోతారు.

నిజంగానే భయం తీరిందా? ఒకే గాలికి ఒక చెట్టు పడి, ఇంకొకటి ఎందుకు నిలిచింది? ముందు రెండో ప్రశ్న చూద్దాం. దాని జవాబు తెలిస్తే మొదటిదానికి జవాబు సులభంగా దొరుకుతుంది.

భూపాలపల్లికి పొరుగున ఉన్న ములుగు జిల్లా 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. అక్కడ తాడ్వాయి, మేడారం నడుమ దట్టమైన అడవి ఉంది. 2024 ఆగస్టు 31 సాయంత్రం భారీ వర్షంతోపాటు వచ్చిన పెనుగాలికి ఆ అడవిలో వందల ఎకరాల మేర 50,000కు పైగా చెట్లు నేలకొరిగాయి. అవి ఎవరో నిన్న మొన్న నాటిన మొక్కలు కావు, ఏళ్ల తరబడి పెరిగిన వృక్షాలు. అది సుడిగాలి అని కొందరు, మేఘంలోంచి కిందికి దూకిన గాలి అని కొందరు అన్నారు. గాలి సంగతి ఎలా ఉన్నా, పడిన చెట్లను దగ్గరికి వెళ్లి చూసినవారికి ఒక విషయం కొట్టొచ్చినట్లు కనిపించింది. వాటి వేళ్లు లోతుకు దిగలేదు. పళ్లెంలాగా పక్కలకు పరుచుకొని ఉన్నాయి. వానకు నాని మెత్తబడిన నేల ఆ పళ్లేలను పట్టి ఉంచలేకపోయింది.

(మేఘంలోంచి దూకే గాలి అన్నాం గదా, దాని రహస్యాన్ని పట్టించినవి కూడా పడిపోయిన చెట్లే. టెట్సుయా ఫుజిటా అనే జపాన్ శాస్త్రవేత్త అమెరికాలో పనిచేసేవాడు. 1974లో తుఫానులు వచ్చిపోయాక విమానంలోంచి అడవులను పరిశీలిస్తూ, కొన్నిచోట్ల చెట్లు సుడి తిరిగినట్లు కాక, ఒక బిందువు నుంచి చుట్టూరా నక్షత్రంలాగా పడి ఉండటం గమనించాడు. గాలి పైనుంచి నేలకు గుద్దుకొని అన్ని దిక్కులకూ చిమ్మితేనే అలా పడతాయని ఊహించాడు. అతని ఊహ నిజమని తరువాత రుజువైంది. మన మే నెల గాలిదుమారాల్లో కూడా ఉరుముల మేఘం నుంచి చల్లబడిన బరువైన గాలి ఇలాగే కిందికి దిగి నేల మీద పరుగెత్తుతుంది.)

ఇప్పుడు గాలి బలం లెక్క చూద్దాం. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి తనకు ఎదురుగా నిలబెట్టిన చదరపు మీటరు పలక మీద సుమారు 6 కిలోల బరువంత బలం చూపుతుంది. వేగం 72 కిలోమీటర్లయితే సుమారు 24 కిలోలు, 108 అయితే 55 కిలోలు. చెట్టు తల ఎన్నో చదరపు మీటర్లు ఉంటుంది. పైగా ఆ బలం నేలకు ఐదారు మీటర్ల ఎత్తులో పనిచేస్తుంది. గడ్డపార కొనను పట్టుకొని రాయిని లేపడం ఎందుకు సులువో బలభ్రామకం పాఠంలో చదివారు గదా! ఇక్కడ గడ్డపార మాను, రాయి వేళ్ల పళ్లెం, లేపే చేయి గాలి.

అయితే చెట్టు చెక్కపలక కాదు. గాలి పెరిగేకొద్దీ అది తన ఆకారం మార్చుకుంటుంది. స్టీవెన్ వోగెల్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త ఆకులను గాలి సొరంగంలో పెట్టి చూశాడు. వెడల్పాటి ఆకులు గాలి హోరుకు పొట్లంలాగా చుట్టుకుపోయాయి. చిన్న చిన్న రెక్కలుగా చీలిన ఆకులు ఒకదాని మీద ఒకటి వాలి కట్టలాగా ముడుచుకున్నాయి. అందువల్ల గాలికి తగిలే మేర తగ్గింది. కొమ్మలది మరో ఉపాయం. పెద్ద కొమ్మ ఒకవైపు ఊగితే చిన్న కొమ్మలు తమ లయలో తాము వేరేగా ఊగుతాయి. ఇలా ఒకదాని ఊపును మరొకటి తినేస్తూ ఉండటం వల్ల మాను మొదటికి చేరే అదురు తగ్గుతుంది. లోపలి చిన్న కొమ్మలన్నీ గీరేసి, చివర మాత్రం కుచ్చు వదిలే అలవాటు కొందరికి ఉంది. చూడటానికి శుభ్రంగా ఉంటుంది గాని, గాలికి ఆ కొమ్మ గెడకర్రకు కట్టిన జెండాలాగా కొట్టుకొని విరుగుతుంది.

ఇక నేల కింది సంగతి. "చెట్టు ఎంత ఎత్తో వేరు అంత లోతు" అని మీరు వినే ఉంటారు. అది సాధారణంగా నిజం కాదు. పెద్ద చెట్ల వేళ్లలో చాలాభాగం పైనున్న ఒక మీటరు మట్టిలోనే ఉంటాయి. కాని అడ్డంగా మాత్రం కొమ్మల నీడను దాటి చాలా దూరం పోతాయి. వేరుకు గాలి కావాలి, అంటే ఆక్సిజన్ కావాలి. లోతుకు పోయేకొద్దీ అది తక్కువ. జనగామ వైపు చెల్క నేలల్లో చాలాచోట్ల కొద్ది అడుగులకే గట్టి మొరం తగులుతుంది. అక్కడ వేరు దిగాలన్నా దారి ఉండదు. గాలి వీచే వైపున్న వేళ్లు తాళ్లలాగా బిగిసి చెట్టును లాగి పట్టుకుంటాయి. రెండోవైపు వేళ్లు పోట్లకర్రల్లాగా మోస్తాయి. వేళ్ల మధ్య ఇరుక్కున్న టన్నుల కొద్దీ మట్టి అడుగున బరువుగా కూర్చుంటుంది. ఈ మూడింటిలో ఏది పోయినా చెట్టు ప్రమాదంలో పడ్డట్లే.

మనం మన వీధుల్లో వాటిని ఎలా పోగొడుతున్నామో ఒకసారి చూడండి. మురుగు కాలువ తవ్వినప్పుడు ఒకవైపు తాళ్లన్నీ తెగిపోతాయి. ప్రహరీగోడ కట్టినప్పుడు ఇంకొకవైపు తెగుతాయి. మొదలు చుట్టూ సిమెంటు పోసి గచ్చు చేస్తాం. రోజూ చెంబెడు నీళ్లు పోస్తాం, దాంతో వేళ్లు తడి ఉన్న పైపైనే తిరుగుతాయి. వారానికోసారి నాలుగు బిందెలు పోసి లోతుగా తడిపితే అవి కిందికి దిగుతాయి. తురాయి చెట్టుకు పుట్టుకతోనే పైపైన పాకే వేళ్లు, పెళుసు కొమ్మలు. చింత అలా కాదు. దాని వేళ్లు లోతుకు పోతాయి, కొమ్మలు అంత తేలిగ్గా విరగవు. పెనుగాలులకు తట్టుకొనే చెట్లలో దానికి మంచి పేరుంది. తాటిచెట్టు దారి పూర్తిగా వేరు. ఒకటే మొగ్గ, కొమ్మలు లేవు, నార వంటి వేళ్లు వందలకొద్దీ ఉంటాయి, మాను పోగుల కట్టలాగా వంగి లేస్తుంది.

నేల గట్టిపడటం ఎంత పెద్ద శత్రువో చెప్పే కథ ఒకటి ఉంది. ఇంగ్లండులోని క్యూ ఉద్యానవనంలో 1798లో నాటిన ఒక ఓక్ చెట్టు 1980ల నాటికి నీరసించిపోయింది. ఏళ్ల తరబడి సందర్శకులు తొక్కీ తొక్కీ దాని చుట్టూ నేల బండబారింది. 1987 అక్టోబరు 15 రాత్రి, తెల్లవారితే 16 అనగా, దక్షిణ ఇంగ్లండు మీద తుఫాను విరుచుకుపడింది. ఒక్క రాత్రిలో కోటీ యాభై లక్షల చెట్లు కూలాయి. ఈ ఓక్‌ను గాలి వేళ్ల పళ్లెంతో సహా పైకెత్తి మళ్లీ అదే గుంటలో కూలేసింది. తరువాత తీసేద్దాంలే అని తోటవాళ్లు పోటు పెట్టి వదిలేశారు. మూడేళ్ల తరువాత వచ్చి చూస్తే అది మునుపటికంటే ఏపుగా ఉంది! గాలి ఎత్తి కుదేసినప్పుడు మట్టి గుల్లబారి వేళ్లకు ఊపిరి అందిందన్నమాట. అప్పటినుంచి క్యూలో పెద్ద చెట్ల చుట్టూ నేలలోకి యంత్రాలతో గాలి కొట్టి గుల్ల చేయడం మొదలుపెట్టారు. మన ఇంటి దగ్గర దానికి యంత్రం అక్కరలేదు. మాను చుట్టూ ఉన్న గచ్చును జాగ్రత్తగా పగలగొట్టి, రాలిన ఆకులనే పరిచి, దాని మీద బండ్లు నిలపకుండా చూస్తే చాలావరకు పని అవుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. తల నరికితే గాలికి తగిలే మేర తగ్గుతుంది, నిజమే. ఆ ఒక్క ఏడాదికి తగ్గుతుంది. కాని ఆకులంటే చెట్టుకు వంటిల్లు. వంటిల్లు కూల్చేస్తే వేళ్లకు తిండి ఎక్కడిది? వేళ్లు కొన్ని ఎండి చస్తాయి. అప్పటిదాకా నీడలో ఉన్న బెరడు 45 డిగ్రీల దగ్గరి ఎండకు కమిలి చిట్లుతుంది. ఆకలితో ఉన్న చెట్టు నిల్వ ఉన్న పిండిపదార్థమంతా ఖర్చు పెట్టి, నరికిన మొద్దు అంచున గుత్తులు గుత్తులుగా పిలకలు వేస్తుంది. "చూశారా, ఎంత బాగా చిగిర్చిందో" అని మనం సంతోషిస్తాం. మామూలు కొమ్మ మాను పెరిగేటప్పుడు దానితోపాటే పొరలు పొరలుగా అల్లుకుంటూ లోపలిదాకా పాతుకొని ఉంటుంది. ఈ పిలకలు బెరడు కింద పైపొరకు అతుక్కున్నవి మాత్రమే. రెండు మూడేళ్లలో ఇవే బారెడు బారెడు కొమ్మలై బరువెక్కుతాయి. ఈలోగా వాటి కింద, నరికిన చోట, శిలీంధ్రాలు చేరి కలపను కుళ్లబెడుతూ ఉంటాయి. ఆ తరువాతి గాలిదుమారానికి విరిగేవి ఆ కొమ్మలే. భయపడి చేసిన పని కొత్త భయాన్ని తెచ్చిపెట్టింది.

మరి ప్రమాదకరమైన కొమ్మను తీయవద్దా? తప్పక తీయాలి. ఎక్కడ కోయాలన్నదే శాస్త్రం. ఈ శాస్త్రాన్ని చాలావరకు తేల్చినవాడు అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో (1930-2006). అంతకుముందు కుళ్లు పరిశీలించేవారు మానులను అడ్డంగా కోసి చూసేవారు. షైగో మోటారు రంపంతో వేల చెట్లను నిలువునా చీల్చి చూశాడు. మన చర్మం తెగితే కొత్త కణాలు పుట్టి గాయం మానుతుంది. చెట్టుకు ఆ శక్తి లేదు. తెగిన కలప తెగినట్లే ఉంటుంది. చెట్టు చేసేదేమిటంటే, దెబ్బతిన్న భాగం చుట్టూ రసాయనాలతో గోడలు కట్టి దాన్ని వెలివేస్తుంది, బయట కొత్త కలపతో మూసేస్తుంది. కొమ్మ మానును కలిసే చోట ఉంగరంలా ఉబ్బిన భాగాన్ని మీరు గమనించారా? ఈ గోడ కట్టే ఏర్పాటు ముఖ్యంగా ఉండేది అక్కడే. కాబట్టి ఆ ఉబ్బును వదిలి, దానికి కాస్త బయటగా కోయాలి. మానుకు చెక్కినట్లు నున్నగా కోస్తే కాపలాదారునే కోసినట్లు. జానెడు మోటు వదిలితే అది ఎండి కుళ్లుకు దారి అవుతుంది.

బరువైన కొమ్మను ఒక్క కోతతో తీయకూడదు. పైనుంచి కోస్తూ పోతే సగంలోనే కొమ్మ వాలి, మాను బెరడును కిందిదాకా చీల్చుకుంటూ పడుతుంది. అందుకని మొదట ఉబ్బుకు అడుగు దూరంలో కిందివైపు నుంచి మూడోవంతు కోస్తారు. దానికి కొంచెం అవతల పైనుంచి రెండో కోత పెడతారు. కొమ్మ చీలకుండా తెగి పడుతుంది. మిగిలిన మోటును మూడో కోతతో ఉబ్బు బయట తీస్తారు. కోసిన చోట తారు పూయడం, పేడ మెత్తడం, తొర్రలో సిమెంటు నింపడం వల్ల కుళ్లు ఆగదు. ఒక్కసారిగా పావువంతు కంటే ఎక్కువ ఆకును తీయడం మంచిది కాదు. గాలులు మొదలుకాక ముందే, గూళ్లలో పిల్లలు లేవని చూసుకొని ఈ పని చేయించాలి.

తొర్ర మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న లెక్క. తొర్ర ఉన్న చెట్టు అంటే చాలామంది వెంటనే కొట్టేయమంటారు. గుండ్రటి మానుకు సరిగ్గా మధ్యలో, వ్యాసంలో సగం మేర బోలు ఉందనుకోండి. వంగకుండా నిలిచే బలంలో అది పోగొట్టుకున్నది సగం కాదు, 0.5ను నాలుగుసార్లు గుణిస్తే వచ్చేంత, అంటే 6 శాతమే! బోలు వ్యాసంలో 70 శాతమైతే పోయేది 24 శాతం. సైకిలు ఫ్రేము గొట్టంతో చేయడం, వెదురు బోలుగా ఉండి కూడా గట్టిగా ఉండటం ఇందుకే. గట్టి పదార్థం అంచున ఎంత దూరంలో ఉంటే అంత పని చేస్తుంది. అంతకు మించి బోలు పెరిగినా, తొర్ర ఒక పక్కకు తెరుచుకొని పగులు కనిపించినా ఈ లెక్క పనికిరాదు.

భయపడవలసిన గుర్తులు వేరే ఉన్నాయి. నిన్నటిదాకా నిటారుగా ఉన్న చెట్టు ఈ మధ్యనే వాలడం, వాలిన దిక్కుకు ఎదురువైపు నేల పగిలి ఉబ్బడం, మొదట్లో పుట్టగొడుగులు గట్టి పలకల్లా మొలవడం, పంగలో బెరడు లోపలికి ముడుచుకుపోయి రెండు మానులు ఇరుకుగా పెరగడం, కాలువ పనిలో ఒకవైపు వేళ్లు నరికేయడం. వీటిలో ఏది కనిపించినా పెద్దలకు చెప్పండి. పరిశీలించాక చెట్టు తీసేయక తప్పదని తేలితే తీసేయాలి. మనిషి ప్రాణం కంటే ఎక్కువ కాదు. కాని ఊరికే తీసేస్తే ఎంత పోతుందో కూడా తెలిసి ఉండాలి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 24 లక్షల జౌళ్ల వేడి కావాలి. ఒక పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు బాష్పోత్సేకం చేసిందనుకుంటే, ఒకటిన్నర టన్ను ఏసీ పన్నెండు గంటలు నడిచి లాగేంత వేడిని అది మింగినట్లు. కరెంటు బిల్లు లేకుండా!

తీసే పని అందరూ చేసేది కాదు. ఇళ్ల మధ్య చెట్టును మొదలు నరికి పడగొట్టడానికి చోటుండదు. పైనుంచి ముక్కలు ముక్కలుగా కోస్తూ, ప్రతి ముక్కనూ తాడు కట్టి దించాలి. అడుగు మందం, మూడు మీటర్ల పొడవున్న పచ్చి కొమ్మ సుమారు 200 కిలోలుంటుంది. కింద ఎవరూ నిలబడకూడదు. కరెంటు తీగలు దగ్గరగా ఉంటే ముందు విద్యుత్ సిబ్బందికి చెప్పాలి. వాళ్లు ఎల్సీ తీసుకొని సరఫరా ఆపినాకే చేయి వేయాలి, ఎందుకంటే పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కూడా కావాలి. కొన్ని జాతులకే మినహాయింపు.

విదేశాల్లో ఈ పనికి శిక్షణ పొందినవారిని ఆర్బరిస్టులంటారు. నడుముకు పట్టీ, రెండు తాళ్లు, తలకు హెల్మెటు లేనిదే వాళ్లు చెట్టెక్కరు. ఎత్తుకు ఎక్కి రెండు చేతులూ వదిలి పనిచేయడం మన జనగామ గీత కార్మికులకు తరతరాల విద్యే. మోకు వాళ్లను మానుకు కట్టి పట్టుకుంటుంది. కాని పట్టు జారితే దానికి మరో ఆధారం లేదు, ఎందరో పడి నడుములు విరిగి మంచాన పడ్డారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు ఇవ్వడం మొదలుపెట్టిన సామగ్రిలో, జారితే పట్టుకొనే తాడు, నడుము పట్టీ ఉన్నాయి. చెట్టు కొమ్మలు కొట్టడానికి కూలికి ఎక్కే మనిషికి మాత్రం మన ఊళ్లలో ఇప్పటికీ తరచుగా ఉత్త గొడ్డలే.

చెట్టు తీసిన చోట మళ్లీ మొక్క పెడతారు గదా, అప్పుడు పాలిథిన్ కవరును పూర్తిగా తీసి చూడండి. కవరులో ఎక్కువకాలం ఉన్న మొక్క వేళ్లు గడియారం స్ప్రింగులాగా చుట్టుకొని ఉంటాయి. వాటిని విడదీసి, మరీ చుట్టుకున్నవాటిని కోసి నాటాలి. లేకపోతే ఇరవై ఏళ్ల తరువాత కూడా అలాగే చుట్టుకొని ఉండి, చెట్టు బొంగరంలాగా ఒరుగుతుంది. ఊతకర్రకు బిగించి కట్టడం కూడా తప్పే. వదులుగా, కిందుగా కట్టి, ఏడాది తిరిగేసరికి కర్ర తీసేయాలి.

ఎందుకో మీరే చేసి చూడవచ్చు. రెండు కుండీల్లో ఒకే రోజు చిక్కుడు గింజలు వేయండి. రెండింటికీ ఒకే ఎండ, ఒకే నీళ్లు. మొలకలు జానెడయ్యాక, ఒక కుండీలోని మొలకల కాండాలను రోజూ ఉదయం, సాయంత్రం వేలితో మెల్లగా ఇరవైసార్లు నిమరండి. రెండో కుండీని ముట్టవద్దు. మూడు వారాల తరువాత స్కేలుతో ఎత్తు, దారం చుట్టి మందం కొలవండి. నిమిరినవి పొట్టిగా, లావుగా ఉంటాయి. 1973లో మోర్డకై జాఫ్ అనే శాస్త్రవేత్త దీన్ని ప్రయోగాలతో చూపి పేరు పెట్టాడు. గాలికి ఊగిన మొక్క కూడా ఇలాగే తన కాండానికీ వేళ్లకూ ఎక్కువ కలప చేర్చుకుంటుంది. మీ కొలతలను రోజువారీగా నోటుపుస్తకంలో రాసి, గ్రాఫు గీసి, సైన్సు మాస్టారుకు చూపించండి.